ఉమ్మడి గాదె తాళము

2004వ సంవత్సరము మే నెలలో, అమెరికా దేశపు కాలిఫోర్నియా రాష్ట్రమున, నాసా సంస్థవారి ఏమ్స్ పరిశోధన కేంద్రమునందు ఒక మహాయంత్రమునకు నామకరణము జరిగెను. అంతకు పదునైదు మాసములకు పూర్వము, 2003 ఫిబ్రవరి 1వ తేదీన, భూమికి తిరిగి వచ్చుచున్న కొలంబియా వ్యోమనౌక ఆకాశముననే విచ్ఛిన్నమైనపుడు, ఆఱుగురు సహచరులతోపాటు అసువులు బాసిన మన కల్పనా చావ్లా, వ్యోమగామిగా ఎన్నిక కాకమునుపు ఆ కేంద్రముననే పరిశోధనలు చేసియుండెను. ఆ బాంధవ్యమును తలచుకొని, ఆమె స్మృతి చిరస్థాయిగా నిలుచుటకై, అచ్చటి శాస్త్రజ్ఞులు ఆ యంత్రమునకు ‘కల్పన’ యని పేరిడిరి.

ఆ యంత్రముయొక్క ఘనత దాని వేగమునందు మాత్రమే లేదు. అందు 512 ప్రాసెసర్లు, అనగా లెక్కలు చేయు చేతులు, ఉండెను. ఆ చేతులన్నియు ఒకే మెమొరీలో, అనగా ఒకే జ్ఞాపకకోశములో, పనిచేయుచుండెను. వానినన్నిటిని కలిపి నడిపించునది లినక్స్ అను ఒక్కటే ఆపరేటింగ్ సిస్టమ్. చిన్న కంప్యూటర్లను వందలకొలది చేర్చి, తీగలతో ముడివేసి, దేని మెమొరీ దానికే విడిగా ఉంచి, ఉత్తరములు వ్రాసికొన్నట్లు సందేశములు పంపుకొనుచు పనిచేయు మహాయంత్రములు అప్పటికే పెక్కు గలవు. ‘కల్పన’ అట్టిది కాదు. దానిని మహాసముద్రములందలి ప్రవాహములను గణించుటకు వినియోగించిరి. సముద్రమును గళ్లుగళ్లుగా విభజించి, ప్రతి గడియందలి నీటి వేడిమిని, ఉప్పదనమును, వేగమును లెక్కకట్టునపుడు, ఒక గడి లెక్క ప్రక్కగడి లెక్కపై ఆధారపడియుండును గనుక, గణకులందఱును ఒకే పుస్తకమును ఎదుట పెట్టుకొని కూర్చుండగలిగినచో పని ఎంతయో సుకరమగును. ఆ సంవత్సరముననే అట్టి యంత్రములను ఇరువదింటిని చేర్చి, మొత్తము 10,240 ప్రాసెసర్లతో, కొలంబియా యని పేరిడగా, అది నవంబరు నాటి ప్రపంచ మహాయంత్రముల పట్టికలో ద్వితీయస్థానమును పొందెను.

ఐదువందల పన్నెండు చేతులు ఒకే కోశమున ఒకేసారి చొరబడినపుడు, ఆ కోశమునకు కావలికాయుచు, అడిగినవారికి అడిగినంత కొలిచి యిచ్చుచు, వాడి విడిచినదానిని మఱల పోగుచేయు ఆపరేటింగ్ సిస్టమ్ ఏమి పాట్లు పడవలసివచ్చెను, ఆ పాట్లనుండి అది ఏమి నేర్చెను అనునదే ఇచ్చట చెప్పదలచిన విషయము. ఇది కొలదిమంది నిపుణులకు మాత్రమే పనికివచ్చు ముచ్చటగా తోచవచ్చును. కాని ఆ నేర్చిన పాఠములు నేడు మనలో పెక్కుమంది అరచేతిలోని ఫోనులందును పనిచేయుచున్నవి గనుక, సామాన్య పాఠకుడు దీనిని తెలిసికొనుట వ్యర్థము కాదు.

మన పల్లెలలో పూర్వము పెద్ద ఉమ్మడి కుటుంబములు ఉండెడివి. ఇంటికి ఒక గాదె. గాదెకు ఒక తాళము. తాళపుచెవి ఇంటి పెద్దావిడ మొలనున్న గుత్తిలో. కోడళ్లు ఐదుగురైనపుడు ఆ కట్టుబాటు చక్కగనే సాగును. ఒకరి తరువాత నొకరు వచ్చి అడుగుదురు, ఆమె కుంచముతో కొలిచి పోయును, లెక్క తప్పదు. అదే ఇంట ఐదువందల పొయ్యిలు వెలిగినచో ఏమగును? గాదెనిండ ధాన్యముండును, ఐనను వాకిట బారులు తీరిన కోడళ్ల చేతులలో చేటలు ఖాళీగనే ఉండును, ఎసరు మరిగి మరిగి ఇగిరిపోవును. కొఱత ధాన్యమునకు కాదు, తాళపుచెవికి. పెద్ద యంత్రములయందలి మెమొరీ నిర్వహణలో వచ్చిన మొదటి కష్టము సరిగా ఇదియే.

మెమొరీని ఆపరేటింగ్ సిస్టమ్ పేజీలు అను సమానమైన ముక్కలుగా విభజించి పంచును. ఈ పద్ధతికి పుట్టినిల్లు ఇంగ్లండులోని మాంచెస్టరు విశ్వవిద్యాలయము. అచ్చట టామ్ కిల్‌బర్న్ నాయకత్వమున నిర్మింపబడి, 1962 డిసెంబరు 7వ తేదీన ప్రారంభోత్సవము జరుపుకొనిన అట్లాస్ యంత్రమునందు, వేగముగల మెమొరీ 16,384 పదములకు మాత్రమే చాలును. దానికి తోడు మందగతిగల అయస్కాంతపు డ్రమ్ము 98,304 పదములను పట్టును. ఈ రెండింటిని కలిపి ఒకే విశాలమైన కోశముగా ప్రోగ్రాముకు చూపుచు, ఏ పేజీ ఎప్పుడు ఎచ్చటనుండవలెనో యంత్రమే చూచుకొనునట్లు ఆ మేధావులు ఏర్పాటు చేసిరి. నేటి సాధారణ యంత్రములలో పేజీ పరిమాణము 4,096 బైట్లు. ప్రోగ్రాము తనకు కావలసిన చోటును మొదటిసారి తాకినపుడు, అచ్చట నిజమైన పేజీ ఇంకను లేకున్నచో, ప్రాసెసర్ ఆగి ఆపరేటింగ్ సిస్టమ్‌ను పిలుచును; అది ఖాళీ పేజీ నొకదానిని వెదకి, పూర్వపు యజమాని జాడలు మిగులకుండ సున్నలతో తుడిచి, ప్రోగ్రాముయొక్క పేజీ పట్టికలో నమోదు చేసి, పని కొనసాగనిచ్చును. దీనికి పేజీ ఫాల్ట్ అని పేరు. పేరులో దోషమున్నను ఇది దోషము కాదు, నిత్యకృత్యము. ఒక పెద్ద ప్రోగ్రాము ఆరంభమగునపుడు ఇది లక్షల పర్యాయములు జరుగును.

ఇందు తాళము అవసరమెట్లు కలిగెను? ఒకే నివేశనస్థలమును ఇద్దఱు కొనుగోలుదారుల పేర రిజిస్టరు చేసినచో ఎట్టి అనర్థము వాటిల్లునో, ఒకే ఖాళీ పేజీని రెండు ప్రాసెసర్లకు ఇచ్చినచో అట్టి అనర్థమే వాటిల్లును. కావున ఖాళీ పేజీల జాబితాను ముట్టుకొనుటకు ముందు తాళము వేసికొనవలెను, పని ముగియగనే తీయవలెను. లైనస్ టోర్వాల్డ్స్ 1991లో ఫిన్లండు దేశమున ఆరంభించిన లినక్స్, 1996లో వెలువడిన 2.0 సంచికతో ఒకటికి మించిన ప్రాసెసర్లను నడుప నేర్చినపుడు, ఆపరేటింగ్ సిస్టమ్ హృదయమైన కెర్నెల్ అంతటికిని ఒకే మహాతాళము ఉండెను. రెండు, నాలుగు ప్రాసెసర్లకు అది చాలెను. ఆ మహాతాళమును కొంచెము కొంచెముగా కరగించి, కట్టకడపటి జాడను తుడిచివేయుటకు 2011 మే నెలవరకు, అనగా పదునైదు సంవత్సరములు, పట్టినదనిన, ఒకసారి ఉమ్మడిగా కట్టినదానిని విడదీయుట ఎంతటి ఓర్పుతో కూడిన పనియో గ్రహింపవచ్చును.

ఒక్క తాళము చేయు నష్టమును లెక్కకట్టుటకు 1967లో జీన్ ఆమ్‌డాల్ అను ఇంజనీరు చూపిన సూత్రము నేటికిని ప్రమాణముగా నున్నది. పని మొత్తములో నూటికి ఒక్కపాలు మాత్రమే ఒకరి తరువాత నొకరు చేయవలసినది యనుకొందము. మిగిలిన తొంబదితొమ్మిది పాళ్లు అందఱును ఒకేసారి చేసికొనవచ్చును. అట్టి సందర్భమున 512 ప్రాసెసర్లు కలిసి చేయు పని సుమారు 84 ప్రాసెసర్ల పనికి మాత్రమే సమానమగును. నూటికి ఒక్కపాలు! తక్కిన నాలుగువందల పైచిలుకు చేతులు వాకిట నిలిచినట్లే. చిన్న యంత్రమున కంటికి కానరాని లోపము పెద్ద యంత్రమున కొండయై నిలుచుటకు కారణమిది.

అంతతో ఆగక, తాళము వేయుటయే ఒక ప్రయాణము. ప్రతి ప్రాసెసర్‌కు తన చెంతనే క్యాష్ అను చిన్న అఱ యుండును. తఱచుగా కావలసిన వస్తువుల నకళ్లు అందుండును. ఆ నకళ్లు సాధారణముగా 64 బైట్ల వరుసలుగా కదలును. ఒక ప్రాసెసర్ ఒక వరుసలో ఏదేని వ్రాయదలచినచో, ఇతరుల అఱలలోని నకళ్లన్నియు రద్దుకావలెను. ఆ వరుస వ్రాయువాని చెంతకు రావలెను. తాళము అనునది మెమొరీలోని ఒక అంకెయే గనుక, ఎవరు తాళము వేసినను ఆ వరుస వారి చెంతకు పరుగెత్తవలసినదే. మెమొరీనుండి ఒక సంగతి తెచ్చుకొనుటకు సుమారు 100 నానోసెకండ్లు పట్టునని యనుకొన్నచో, సెకనుకు మూడువందల కోట్ల అడుగులు వేయు ప్రాసెసర్ ఆ వ్యవధిలో మూడువందల అడుగులు ఊరక పోగొట్టుకొనును. ఎవరును ఎవరికిని అడ్డుపడని చోటకూడ, అందఱును ఒకే లెక్కకు ఒకటి చొప్పున కలుపుచున్నచో, ఆ లెక్కయున్న వరుస బంతివలె అటునిటు ఎగురుచునే యుండును. ఒకే వరుసలో సంబంధములేని రెండు అంకెలు ప్రక్కప్రక్కన నివసించినను ఇదే పీడ. ఒక గోడకు ఇరువైపుల కాపురమున్నవారివలె, ఒకరి సమ్మెటపోటు మఱియొకరి నిద్రను చెఱచును.

ఇందుకు కనుగొనిన మొదటి ఉపాయము తాళమును చిన్నది చేయుట. ‘కల్పన’ను నిర్మించిన ఎస్‌జీఐ సంస్థలో పనిచేయుచుండిన క్రిస్టోఫ్ లామెటర్, వందలాది ప్రాసెసర్లు ఒకే ప్రోగ్రామును నడుపునపుడు పేజీ ఫాల్టులన్నియు ఆ ప్రోగ్రాముయొక్క పేజీ పట్టికకున్న ఒక్క తాళముకడ గుమికూడుచున్నవని 2004లో చూపి, దానిని సడలించు మార్గములను ప్రతిపాదించెను. 2006 జనవరిలో వెలువడిన 2.6.15 సంచికలో, హ్యూ డికిన్స్ కృషివలన, పట్టికకంతటికి ఒక తాళమునకు బదులు పట్టికలోని ఒక్కొక్క పుటకు ఒక్కొక్క తాళము వచ్చెను. వేర్వేఱు పుటలను వ్రాయువారు ఇక ఒకరికొకరు అడ్డుకారు. గాదెను అఱలుగా కట్టి, అఱకొక తలుపు పెట్టినట్లు.

రెండవ ఉపాయము ఎవరి ముంత వారి పొయ్యి ప్రక్కన ఉంచుట. గాదె ఉమ్మడిదే, కాని ప్రతి కోడలు వంటకు కూర్చుండిన ప్రతిసారి గాదెకు పోక, వారమునకు సరిపడు బియ్యము ఒకేసారి తెచ్చి తన ముంతలో పోసికొన్నచో, వాకిట రద్దీ ఏడవవంతునకు తగ్గును. లినక్స్‌లో ప్రతి ప్రాసెసర్‌కు స్వంతముగా కొన్ని ఖాళీ పేజీల జాబితా ఉండును. పేజీ కావలసినపుడు ప్రాసెసర్ తన జాబితానుండియే తీసికొనును. విడిచినదానిని అందులోనే పెట్టును. ముంత అడుగంటినపుడో, పొంగిపొర్లినపుడో మాత్రమే పెద్ద తాళముకడకు పోయి, ఒక్క పేజీకై గాక ఒక గుంపు పేజీలకై ఒకేసారి బేరమాడును.

మూడవ ఉపాయము అన్నిటికంటె సూక్ష్మమైనది: చూచుటకు మాత్రమే వచ్చినవానికి తాళమే లేకుండ చేయుట. పాల్ మెకెన్నీ మొదలైనవారు రూపొందించి, 2002 అక్టోబరులో లినక్స్‌లో చేర్చిన ఆర్‌సీయూ అను పద్ధతి సారాంశమిది. ఊరిలోని వారందఱును ఒకే పంచాంగమును చూచుచున్నారనుకొందము. అందు ఒక తప్పు దిద్దవలసివచ్చినపుడు, చూచుచున్నవారి చేతినుండి పుస్తకమును లాగికొని దిద్దుటకు బదులు, దిద్దిన క్రొత్త ప్రతి నొకదానిని సిద్ధముచేసి, పాతదాని స్థానమున దానిని ఉంచుదురు. అప్పటికే పాత ప్రతిని చూచుచున్నవారు నిశ్చింతగా చూచి ముగింతురు. ఆ తరువాత వచ్చువారికి క్రొత్తదే కనబడును. పాతదానిని చూచువారు ఒక్కరును మిగులలేదని తెలిసిన పిమ్మట మాత్రమే దానిని తీసివేయుదురు. చదువరి ఎవరినీ అడుగనక్కఱలేదు, ఎచ్చటను సంతకము చేయనక్కఱలేదు. వేలమంది చదువుచుండగా ఎప్పుడో ఒకరు వ్రాయు పట్టికలు ఆపరేటింగ్ సిస్టమ్‌లో ఎన్నియో గలవు గనుక, ఈ పద్ధతి చేసిన మేలు అపారము.

ఐనను ఒక తాళము మాత్రము చిరకాలము లొంగకుండెను. ప్రతి ప్రోగ్రాముయొక్క మెమొరీ పరిధి కొన్ని ప్రాంతములుగా విభజింపబడియుండును. ఆ ప్రాంతముల పట్టిక కంతటికిని కావలియైన తాళమొకటి కలదు. చూచువారు ఎందఱైనను ఒకేసారి లోనికి పోవచ్చునను సౌకర్యము దానికున్నను, లోనికి పోవు ప్రతివాడు వాకిటి పుస్తకమున సంతకము చేయవలెను. ఆ పుస్తకము ఒక్కటే యగుటచే అది మఱల ఎగురు బంతియే యయ్యెను. 2022 డిసెంబరులో వెలువడిన 6.1 సంచికలో, లియామ్ హౌలెట్, మాథ్యూ విల్‌కాక్స్ అనువారు ఆ ప్రాంతముల పట్టికను తాళము లేకయే వెదకుటకు వీలగు క్రొత్త వృక్షరూపమునకు మార్చిరి. ఆ పునాదిపై 2023 జూన్ నాటి 6.4 సంచికలో సురేన్ బాగ్దాసర్యన్ ప్రతి ప్రాంతమునకు దాని తాళమును దానికే యిచ్చెను. ఇప్పుడు పేజీ ఫాల్ట్ వచ్చినపుడు ఇల్లంతటి వాకిట కాక, తన గది వాకిట సంతకము చేసిన చాలును.

తాళములు తీరినను దూరము తీరదు. వందలాది ప్రాసెసర్లున్న యంత్రమున మెమొరీ అంతయు ఒకే చోట ఉండజాలదు. కొన్ని ప్రాసెసర్లకు కొంత మెమొరీ చొప్పున నోడ్లు అను కుదురులుగా దానిని అమర్చుదురు. ఏ ప్రాసెసరైనను ఏ కుదురులోని మెమొరీనైనను చదువవచ్చును. కాని తన కుదురులోనిది త్వరగాను, పరుల కుదురులోనిది ఆలస్యముగాను అందును. ఇట్టి నిర్మాణమునకు న్యూమా యని పేరు. పెరటి బావి నీరును నీరే, ఊరి చివరి చెఱువు నీరును నీరే. కాని బిందె మోయువారికి ఆ రెండును ఒకటి కావు. కావున లినక్స్ సామాన్యముగా, ఒక పేజీని మొదట ఎవరు తాకుదురో వారి కుదురులోనే దానిని ఇచ్చును. ఈ నియమము సహేతుకమే; కాని ప్రోగ్రాము వ్రాసినవాడు దీనిని ఎఱుగక, ఆరంభమున ఒక్క ప్రాసెసర్ చేతనే మెమొరీనంతయు సున్నలతో నింపించినచో, పేజీలన్నియు ఆ ఒక్కని కుదురులో పేరుకొనును; పిమ్మట పనిలోనికి దిగిన వందలాది ప్రాసెసర్లు ఆ ఒక్క బావికే బిందెలతో పరుగెత్తును. ఎవరి భాగమును వారే మొదట తాకునట్లు వ్రాయుట దీనికి మందు.

వ్రాసినవాడు మఱచినను యంత్రమే సరిదిద్దుకొనునట్లు, మెల్ గోర్మన్ మొదలగువారి కృషిచే 2013 ఫిబ్రవరి నాటి 3.8 సంచికలో ఒక ఏర్పాటు చేరెను. ఆపరేటింగ్ సిస్టమ్ అప్పుడప్పుడు కొన్ని పేజీల తలుపులను బుద్ధిపూర్వకముగా మూసియుంచును. ఎవరు వచ్చి తట్టుదురో గమనించును. ఒక పేజీకై దూరపు కుదురువాడే మాటిమాటికి వచ్చుచున్నచో, ఆ పేజీని వాని చెంతకు తరలించును, లేదా ఆ పనినే పేజీయున్న చెంతకు మార్చును. మూసిన తలుపు తట్టించుటవలన కొంత ఆలస్యము తప్పదు; ఆ ఆలస్యము జ్ఞానార్జనకై చెల్లించు రుసుము.

సామీప్యమును అతిగా ప్రేమించుటయు ప్రమాదమే. తన కుదురులోని మెమొరీ నిండినపుడు, ప్రక్క కుదురులో ఎంతయో ఖాళీయున్నను అటు చూడక, తన యింటిలోని ఉపయోగకరమైన వస్తువులనే పారవేసి చోటు చేసికొను నియమమొకటి, దూరపు మెమొరీ మిక్కిలి దూరమని యెంచబడిన యంత్రములలో, లినక్స్‌నందు తనంతతానే అమలులో నుండెడిది. చదివిన ఫైళ్లను మెమొరీలో నిలుపుకొని వేగము సంపాదించు సర్వర్లకు ఇది హానియే చేసెను. డిస్కునుండి మఱల తెచ్చుకొనుటతో పోల్చిన, ప్రక్క కుదురునుండి తెచ్చుకొనుట ఎన్నియో రెట్లు చౌక. అనుభవము పండిన పిమ్మట, 2014లో 3.16 సంచికనుండి, ఎవరైన కోరిననే తప్ప ఆ నియమము అమలు కాకుండునట్లు మార్చిరి.

ఈ కథలో నాకు అన్నిటికంటె బోధకరముగా తోచు ఘట్టమొకటి యున్నది. పేజీలకంటె చిన్నవైన వస్తువులను పంచుటకు, సన్ సంస్థకు చెందిన జెఫ్ బాన్విక్ 1994లో ప్రకటించిన స్లాబ్ అను పద్ధతిని లినక్స్ అవలంబించెను. తాళములకడ రద్దీని తగ్గించుటకై అందును ప్రతి ప్రాసెసర్‌కు ఒక ముంత, ప్రతి కుదురుకు ఒక ముంత, ఒక కుదురునుండి మఱియొక కుదురునకు తిరిగి పంపవలసిన వస్తువులకై జంటజంటకు ఒక ముంత చొప్పున పెట్టుచు వచ్చిరి. కుదురులు రెండింతలైనచో జంటలు సుమారు నాలుగింతలగును. వెయ్యి వఱకు ప్రాసెసర్లున్న తమ యంత్రములలో, కేవలము ఆ ముంతల జాబితాలే అనేక గిగాబైట్ల మెమొరీని మ్రింగుచున్నవని లామెటర్ గుర్తించెను. ధాన్యమును పంచుటకు కొన్న ముంతలే గాదెను నింపివేసినట్లయ్యెను! ఆయన 2007లో ఆ జంట ముంతల నన్నిటిని తీసివేసి, లెక్కలను సాధ్యమైనంతవఱకు పేజీతోనే ముడివేయు స్లబ్ అను సరళమైన పద్ధతిని ప్రవేశపెట్టెను. కాలక్రమమున అదియే నిలిచెను. పాత స్లాబ్ పద్ధతిని 2024లో 6.8 సంచికతో పూర్తిగా తొలగించిరి.

లెక్కల బరువు ఇచ్చటనే కాదు, అడుగడుగునను ఎదురగును. ప్రతి పేజీకి దాని స్థితిగతులను తెలుపు చీటీ యొకటి ఆపరేటింగ్ సిస్టమ్ చెంత ఉండవలెను. ఆ చీటీ సామాన్యముగా 64 బైట్లు. 4,096 బైట్ల సరుకునకు 64 బైట్ల చీటీ యనిన నూటికి ఒకటిన్నర పాలు, స్వల్పమే. కాని ఒక టెరాబైటు మెమొరీయందు 26,84,35,456 పేజీలుండును. వాని చీటీలకే 16 గిగాబైట్లు చెల్లును. చిన్న పేజీలతోపాటు 2 మెగాబైట్ల పెద్ద పేజీలను కూడ వాడుట మొదలిడిరి. అట్టి పేజీ ఒక్కటి 512 చిన్న పేజీలకు సమానము. ప్రోగ్రాము కోరకయే యంత్రము తానై పెద్ద పేజీల నిచ్చు ఏర్పాటును ఆండ్రియా ఆర్కాంజెలి 2011లో 2.6.38 సంచికలో చేర్చెను. పెద్ద పేజీవలన ప్రాసెసర్ తన చిరునామాల చిన్న పట్టికలో ఒక్క పంక్తితో విశాలప్రదేశమును గుర్తుంచుకొనగలుగును. అది దీని ముఖ్యప్రయోజనము. ఐనను కొద్దిపాటి చోటు చాలిన ప్రోగ్రాముకు పెద్ద పేజీ నిచ్చుట, ఒక్కనికొఱకు విస్తరికి బదులు గంగాళము పెట్టుటవంటిది, వ్యర్థము కలుగును. అందువలన 2022 జనవరి నాటి 5.16 సంచికనుండి విల్‌కాక్స్ ప్రవేశపెట్టిన ఫోలియో అను భావన, అవసరమునుబట్టి కొన్ని పేజీలను ఒక కట్టగా కట్టి, కట్టకంతటికి ఒకే లెక్కతో నిర్వహించుటకు బాట వేసెను.

ఇచ్చుట ఒక కళయైన తిరిగి పుచ్చుకొనుట మఱియొక కళ. మెమొరీ నిండినపుడు ఏ పేజీని తొలగింపవలెను? ప్రోగ్రాము ఏ కొంతకాలమునందైనను కొన్ని పేజీలతోనే నిరంతరము పనిచేయునని, ఆ సముదాయమును చెదరగొట్టినచో యంత్రము పేజీలను తెచ్చుట పంపుటలతోనే అలసి పని చేయజాలదని 1968లో పీటర్ డెన్నింగ్ ప్రతిపాదించిన సిద్ధాంతము ఇందుకు దీపము. కాని ఏది ఇటీవల వాడబడినది, ఏది వాడబడలేదు అని తెలిసికొనుటకు పేజీలను వెదకవలెను. కోట్లాది పేజీలున్న యంత్రమున వెదకుటయే మహాభారమగును. తొలగించుటకు వీలులేని పేజీలతో నిండిన జాబితాను అనేక ప్రాసెసర్లు ఒకే తాళమునకై పెనుగులాడుచు మఱల మఱల తిరుగవేయుట పెద్ద యంత్రములకు ప్రాణాంతకముగా నుండెను. 2008 డిసెంబరు నాటి 2.6.28 సంచికలో రిక్ వాన్ రీల్ మొదలగువారు జాబితాను విడదీసి, ఫైళ్ల పేజీలను ఒకవైపు, ప్రోగ్రాముల స్వంత పేజీలను ఒకవైపు, కదల్పరానివానిని పూర్తిగా వేఱొకవైపు ఉంచిరి. 2022లో యూ జావ్ రచించిన పద్ధతి పేజీలను తరములుగా విభజించి, వయసుమీఱిన తరమునుండి మొదట తొలగించుచు, వెదకు శ్రమను ఇంకను తగ్గించెను.

ఈ సుదీర్ఘమైన కృషినంతయు కలిపి చూచినచో అంతర్వాహినిగా ప్రవహించు ధర్మమొక్కటే కనబడును: సంపద పెరుగుటకంటె వేగముగా దానిని నిర్వహించు భారము పెరుగరాదు. ఒక్క తాళము నిలువలేకపోయినది, దానికడ నిరీక్షణ ప్రాసెసర్ల సంఖ్యకంటె వేగముగా పెరిగినందువలన; జంట ముంతలు నిలువలేకపోయినవి, వాని సంఖ్య కుదురుల సంఖ్యకంటె వేగముగా పెరిగినందువలన. అంతయు ఒకచోట ఉంచుట ఎట్లు దోషమో, అంతయు పంచిపెట్టి ప్రతి యింటను లెక్కలు పెంచుట అట్లే దోషము. ఏది ఉమ్మడిగా ఉండవలెనో దానిని మాత్రమే ఉమ్మడిగా ఉంచి, తక్కినదానిని వాడువాని చెంతకు చేర్చి, చూచువానిని ఊరక చూడనిచ్చుటయే ఇందలి విజ్ఞత.

‘కల్పన’ నెలకొన్న నాడు 512 ప్రాసెసర్లు ఒక విశాలమైన మందిరమున బీరువాలుగా బారులు తీరియుండెను. 2024లో ఏఎమ్‌డీ సంస్థ విడుదల చేసిన చిప్ ఒక్కదానియందే 192 కోర్లు, అనగా 192 చేతులు, గలవు. అట్టివానిని రెండింటిని ఒక పలకపై అమర్చినచో, కోర్‌కు రెండు థ్రెడ్లు, అనగా పనుల దారములు, చొప్పున, ఆపరేటింగ్ సిస్టమ్ కన్నులకు 768 ప్రాసెసర్లు కనబడును. నాడు ఒక ప్రయోగశాల తపస్సు నేడు సామాన్యమైన సర్వర్ గది నిత్యజీవితమైనది. అంతకంటె చిత్రమేమనగా, ప్రాంతమునకొక తాళము పెట్టిన ఆ 2023 నాటి మార్పునకు, లినక్స్‌పై నడచు ఫోనులో యాప్ తెఱచుకొనునపుడు అనేక దారములు ఒకే తాళముకడ గుమికూడి కలిగించు ఆలస్యము ఒక ముఖ్యప్రేరణ. కడలి ప్రవాహములను లెక్కించిన మహాయంత్రపు కష్టమే అరచేతి యంత్రమునకును వచ్చినది. దానికి నేర్చిన మందే దీనికిని పనిచేసినది. ఆ యంత్రమును ఏనాడో విప్పివేసిరి. కాని నేడు ఒక విద్యార్థిని తన ఫోనులో పాఠమును తెఱచినపుడు, అది ఒక్క క్షణము ముందుగా తెఱచుకొన్నచో, ఆ క్షణములో కల్పన పేరు మోసిన ఆ ఐదువందల పన్నెండు చేతుల శ్రమకును ఒక పాలు గలదు.